తలుపు వేశాకే ఇంజిన్

ఆ ఫోన్ ఇంకో రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. తమ్ముడు అప్పటికే ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చేశాడు. ఆ పెన్‌డ్రైవ్‌కి తెలిసిన పని ఒక్కటే. దాన్ని పెట్టి ఏ కంప్యూటర్ ఆన్ చేసినా, అందులో ఉన్నదంతా ఊడ్చేసి కొత్తదానిలా అప్పగిస్తుంది. గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునేది తమ్ముడే. బయటికి అరువు వెళ్ళొచ్చిన ల్యాప్‌టాప్‌ని తుడిచాకే బీరువాలో పెట్టాలని నియమం రాసి గోడకి అంటించిందీ తమ్ముడే. నెలన్నర పాటు అక్క దగ్గరున్న ల్యాప్‌టాప్‌ని ఆ ఉదయమే తెచ్చాడు. మీట మీద వేలు పెట్టాడు. జేబులో ఫోన్ మోగింది.

"సార్, స్వరాల ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాను. మీ అక్కగారి పని ఇవాళ మొదలుపెడదామని ఫోల్డర్ తెరిచాం. మిగతా ఫైళ్ళు ఎప్పుడు పెడతారు?"

"మిగతావేంటమ్మా? అన్నీ పెట్టేశాం కదా. పన్నెండు వందలు."

"ఇక్కడ యాభై రెండే ఉన్నాయి సార్."

"సరిగ్గా చూశారా?"

"మూడుసార్లు లెక్కపెట్టాను సార్." అంది ఆ అమ్మాయి. "ఆపరేషన్ అయిపోయిందని రాసుంది. నిజమేనా?"

నిజమే. పన్నెండు రోజులైంది. మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేశాడు. ముందు ఆ పెన్‌డ్రైవ్ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ మామూలుగా ఆన్ చేసి, 'గొంతు' అని పేరు పెట్టిన ఫోల్డర్ తెరిచాడు. యాభై రెండు. చెత్తబుట్టలో చూశాడు, ఖాళీ. క్లౌడ్‌లో తీసేసినవి ఉండే చోట చూశాడు, అదీ ఖాళీ.

అక్క ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతోంది. ఆమె పక్కన కూర్చుని బండి నేర్చుకున్నవాళ్ళు ఆమెని వెనకాల 'బ్రేకమ్మ' అంటారు. ఆమెకీ ఆ సంగతి తెలుసు. ఆ గొంతు వింటే కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్తుంది. అలాంటి గొంతులో పుండు లేచింది. పెద్ద డాక్టరు చూసి, మాట పుట్టే భాగాన్ని మొత్తంగా తీసేయాలని, లేకపోతే మనిషే దక్కదని తేల్చి చెప్పేశాడు. నెల గడువిచ్చాడు. ఆ నెలలో పన్నెండు వందల వాక్యాలు చదివి రికార్డు చేసి ఇస్తే, వాటితో ఒక గొంతు తయారు చేస్తామని ల్యాబ్‌వాళ్ళు చెప్పారు. తర్వాత అక్క ఫోన్‌లో ఏది టైప్ చేసినా అది అక్కలాగే మాట్లాడుతుంది. అది లేకపోతే ఫోన్‌లో అందరికీ ఉండే ఆ నున్నటి అమ్మాయి గొంతే గతి. ఆ గొంతుతో తిట్లు తినాలంటే తమ్ముడికి ఒళ్ళు మండుతుంది. తిట్టేది అక్క అయితే తిట్టు అక్కది అయ్యుండాలి.

"కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్, అంతా నేను చూసుకుంటా" అన్నాడు అప్పుడు. ఆ మాట అతని నోట వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు గుండె దిటవు చేసుకోవాలని మేనకోడలు అంటూ ఉంటుంది.

చేసిన ఏర్పాటు మాత్రం చక్కగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు లినక్స్ ఉంది. ల్యాబ్‌వాళ్ళు క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా అందే తమ కంప్యూటర్లలో, కొంత చోటిచ్చారు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఆ చోటు దానంతటదే వచ్చి 'గొంతు' అనే ఫోల్డర్‌కి తగులుకుంటుంది. దాన్నే మౌంట్ అంటారు. చూడ్డానికి ఇంట్లో ఫోల్డరే, అందులో వేసింది మాత్రం నేరుగా ల్యాబ్‌కి చేరుతుంది. అక్క ఏ పాస్‌వర్డూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రికార్డు చేసి, ఫోల్డర్‌లో దాచి, ఆఫ్ చేస్తే సరి. అలా ఏర్పాటు చేసినందుకు తనని తాను ఎంత మెచ్చుకున్నాడో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని స్కూటర్ తీశాడు. దారి పొడుగునా ఒకటే లెక్క. పన్నెండు వందల్లో యాభై రెండు పోతే పదకొండు వందల నలభై ఎనిమిది. అవి మళ్ళీ చదివించడానికి అక్క ఉంది, వాక్యాల పుస్తకం ఉంది, గొంతే లేదు. సిగ్నల్ దగ్గర వెనకాల కారు హారన్ కొట్టేదాకా పచ్చ లైటు పడిందని చూసుకోలేదు.

అక్క ముందుగదిలో టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. మెడకి ముందువైపు పల్చటి తెల్లబట్ట. ఊపిరి ఇప్పుడు అక్కణ్ణించే. పక్కన చిన్న తెల్లబోర్డు, నీలం స్కెచ్ పెన్ను. పై గదిలో మేనకోడలు పాటలు పెట్టుకుంది. ఆ పిల్లకి పదిహేడేళ్ళు. ఇంట్లో పేరు పిచ్చుక. పిలిస్తే "ఆ, వస్తున్నా" అంటుంది, రాదు. మూడో పిలుపుకి గానీ మెట్లు దిగదు. ఇప్పుడు అక్క చప్పట్లు కొడుతోంది. చప్పట్లకైతే పిచ్చుక మొదటిసారే పరుగెత్తుకొస్తోంది, అది అక్కకి నచ్చడం లేదు.

అక్క అతన్ని చూసి బోర్డు మీద రాసింది. 'పని మానేసి వచ్చావేం?'

"ఏం లేదక్కా. ల్యాబ్‌వాళ్ళు ఏదో ఫైలు అడిగారు. ఓసారి చూసి పోతా."

ఇరవై రెండేళ్ళు పక్క సీట్లో కూర్చుని, ఎవరు ఎప్పుడు గాభరాపడి కాలు ఎక్కడ తొక్కుతారో ముందే పసిగట్టిన మనిషి ముందు అబద్ధం నిలుస్తుందా? ఆమె కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని అతని మొహమే చూస్తూ కూర్చుంది. అతను ల్యాప్‌టాప్ తెరిచి మూల మూలలా వెతకడం మొదలుపెట్టాడు. ఫైలు పేర్లతో వెతికాడు, తేదీలతో వెతికాడు. దొరికితే దొరికేది ఆ యాభై రెండే. అన్నీ మొదటి రెండు రోజులవి. పాలిపోయిన మొహం కనబడకుండా తెరకి ఇంకా దగ్గరగా వంగాడు. అంతగా భయపడటం అతనికి జీవితంలో అదే మొదటిసారి. ఆపరేషన్ రోజు కూడా ఇంత భయపడలేదు, ఆ రోజు ఆ పని డాక్టర్లది, ఇది తనది.

అక్క ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుంది. కింద అంకె చూసింది. అతని వైపు చూసింది.

"యాభై రెండే ఉన్నాయక్కా" అన్నాడు. "మిగతావి ఏమయ్యాయో నాకు తెలీదు. వెతుకుతున్నాను. కనబడ్డం లేదు."

అక్క చెయ్యి మెడ మీది బట్ట దాకా వెళ్ళి ఆగింది. ఊపిరి గబగబా ఆడుతుంటే ఆ బట్ట లోపలికీ బయటికీ కదులుతోంది. ఏడిస్తే కూడా చప్పుడు రాదని అతనికి అప్పుడే తట్టింది. ఆమె ఏడవలేదు. లేచి అల్మారాలోంచి ల్యాబ్‌వాళ్ళిచ్చిన పుస్తకం తెచ్చి అతని ముందు పడేసింది. ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో టిక్కు ఉంది. చివరి పేజీలోవీ, చివరి వారం నొప్పితో చదివినవీ, నీళ్ళు తాగి తాగి చదివినవీ అన్నిటికీ ఉన్నాయి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'అన్నీ చదివాను.'

"తెలుసక్కా. నువ్వు చదవలేదని కాదు..."

తుడిచి మళ్ళీ రాసింది. 'సరిగ్గానే చేశాను. రా, చూపిస్తా.'

ఆమె ల్యాప్‌టాప్ ఆఫ్ చేసింది. అతని ప్రాణం గిలగిల్లాడింది. "అక్కా, ముట్టుకోకు, ఉన్నవి కూడా..." అంటుండగానే దాన్ని చంకన పెట్టుకుని, బోర్డు చేత్తో పట్టుకుని సామాన్ల గదిలోకి నడిచింది.

మొదటి రెండు రోజులూ ముందుగదిలోనే రికార్డు చేశారు. వీధిలో బండ్ల మోత వినబడుతోందని ల్యాబ్‌వాళ్ళు చెబితే, కిటికీ లేని సామాన్ల గదిని తమ్ముడే సిద్ధం చేశాడు. నాలుగు గోడలకీ పరుపులు నిలబెట్టాడు, తలుపుకి లోపలివైపు రెండు బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాడు. లోపల దోమ ఎగిరినా వినబడేంత నిశ్శబ్దం. అంత గొప్పగా చేశానని అప్పుడూ తనని తాను మెచ్చుకున్నాడు.

అక్క అతన్ని లోపలికి లాగి తలుపు వేసింది. సరిగ్గా పడిందో లేదో అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది. అప్పుడు స్టూలు మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, మీట నొక్కింది. ఆమె ఎందుకలా చేస్తోందో అతనికి చప్పున అర్థమైంది. అతనికి కూడా బండి నేర్పింది ఆమే. తలుపు వేశాకే ఇంజిన్, ఇంజిన్ ఆపాకే తలుపు. బండెక్కిన ప్రతి మనిషికీ మొదటిరోజు ఆమె చెప్పే పాఠం అదే. నెల రోజులు ఈ గదిలో కూడా అలాగే చేసింది. తలుపు వేశాకే ల్యాప్‌టాప్ ఆన్, ఆఫ్ చేశాకే తలుపు.

తెర వెలిగింది. అక్క 'గొంతు' తెరిచి, ల్యాప్‌టాప్ అతని చేతుల్లోకి నెట్టింది.

పేర్లు వరసగా కిందికి దిగుతూనే ఉన్నాయి. యాభై మూడు, యాభై నాలుగు, యాభై అయిదు. అడుగున చూస్తే పదకొండు వందల నలభై ఎనిమిది. ఆ పైన 'సొంత మాటలు' అని ఇంకో చిన్న ఫోల్డర్. అతను నేల మీద కూర్చుని ఆ అంకె ఇంకోసారి చూశాడు. అక్క అతని వీపు మీద ఒకటి చరిచింది. నవ్వుతోంది, చప్పుడు లేకుండా. కూతురికి చెప్పాలని లేచి తలుపు తెరిచి, మెట్ల వైపు చప్పట్లు కొట్టబోయింది.

అతని కళ్ళ ముందే ఆ పేర్లన్నీ పోయాయి. ఒక్క క్షణం ఫోల్డర్ తెల్లగా ఉంది, మరుక్షణం అందులో ఫైళ్ళు నిలబడ్డాయి. ఒకటి, రెండు, మూడు... యాభై రెండు.

"అక్కా, తలుపు వెయ్. తలుపు వెయ్యి" అన్నాడు. ఆ గొంతు తనదిలా లేదు.

ఆమె వేసింది. రాలేదు. ఫోల్డర్ మూసి తెరిచాడు. రాలేదు. పోయినవి కనబడి మళ్ళీ పోవడం కన్నా మొదటే కనబడకపోవడం నయం. ఏ మీట నొక్కితే నిజంగా పోతాయోనని వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బల్బు కింద బొంతల వాసన, అక్క మెడలోంచి ఊపిరి చప్పుడు. ఆమె బోర్డు తీసుకుని నెమ్మదిగా రాసింది. 'ముందు బండి ఆపు. అద్దాలు చూసుకో. తర్వాత కదులు.' గాభరాపడిన ప్రతివాడికీ ఆమె చెప్పే మాటే అది.

అతను ఆగాడు. ఊపిరి పీల్చుకుని, ఏ మీటా నొక్కకుండా ఆలోచించాడు. తలుపు మూసి ఆన్ చేస్తే ఇవి. తలుపు తీస్తే అవి. తలుపుతో పాటు గదిలోకి వచ్చేది ఏంటి? గాలి, వెలుగు, వైఫై.

ల్యాప్‌టాప్ తను చేసిన ప్రతి పనినీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. అది తెరిచాడు. నెల రోజుల పాటు, అక్క ఈ గదిలో కూర్చున్న ప్రతిరోజూ, అర నిమిషానికి ఒకసారి అదే వాక్యం ఉంది. నెట్ దొరకలేదు, క్లౌడ్ తగలలేదు, మళ్ళీ ప్రయత్నిస్తాను. మోత రాకుండా తను నిలబెట్టిన పరుపులే వైఫైని కూడా రానివ్వలేదు. క్లౌడ్ వచ్చి తగలకపోతే 'గొంతు' అనేది ల్యాప్‌టాప్‌లో ఉండే ఒక మామూలు ఖాళీ ఫోల్డరే. అక్క మాటలన్నీ అందులోనే పడ్డాయి. నెట్ దొరికిన చోట ఆన్ చేస్తే క్లౌడ్ వచ్చి ఆ ఫోల్డర్ మీద పరుచుకుంటుంది. నేల మీద పడున్నవాటి మీద చాప పరిచినట్టు. చాప మీద ఉన్న యాభై రెండూ కనబడతాయి, కిందవి కనబడవు. కిందవి ఎక్కడికీ పోలేదు. పొద్దున ఆ పెన్‌డ్రైవ్ పని చేసి ఉంటే మాత్రం చాపతో పాటు నేల కూడా పోయేది.

చిట్టా ఇంకా పైకి జరిపాడు. గది మారిన మర్నాటి తేదీ దగ్గర ఎర్రటి వాక్యం ఒకటి ఉంది. ఈ ఫోల్డర్ ఖాళీగా లేదు, అందుకే దీనికి తగిలించను. ఆ రోజు గుర్తొచ్చింది. ఆస్పత్రికి పరుగెత్తాల్సిన తొందరలో ల్యాప్‌టాప్‌ని ముందుగదిలో ఆన్ చేస్తే ఇదే వాక్యం అడ్డుపడింది. ఏదో చెత్త ఫైలు అయ్యుంటుందనుకున్నాడు. ఖాళీగా లేకపోయినా పర్వాలేదు, తగిలించు అని సెట్టింగుల్లో ఒక్క పదం చేర్చాడు. యాభై రెండూ కనబడ్డాయి. బాగుందని మూసేశాడు. ఆ ముందురోజు అక్క ఇంకో ముప్పై చదివిందని, మరి అవేవని, అడగాలని కూడా తోచలేదు. ఆ తర్వాత ఫోల్డర్ వైపు చూసిన పాపాన పోలేదు.

"తప్పు నాదే అక్కా" అన్నాడు. "అది ముందే చెప్పింది నాకు. ఖాళీగా లేదు, తగిలించను అని. నేనే నోరు మూయించి వెళ్ళిపోయాను."

అక్క పెన్ను తీసుకుంది. బోర్డు మీద రాసింది. 'ఎర్ర లైటు చూసి కూడా పోనిచ్చావా? లైసెన్సు నీకెవరిచ్చారు?'

"నువ్వే."

'మూడోసారికి.'

తగిలిన క్లౌడ్‌ని విడదీసే ఆదేశం టైప్ చేశాడు. చిన్న పదమే. రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి ఎంటర్ నొక్కి కళ్ళు మూసుకున్నాడు. అక్క మోచేత్తో పొడిచింది. కళ్ళు తెరిస్తే, యాభై మూడు, యాభై నాలుగు, యాభై అయిదు.

క్లౌడ్ ఇంకెప్పుడూ దానంతటది వచ్చి తగలకుండా ముందు ఆ ఏర్పాటే తీసేశాడు. ఫైళ్ళన్నిటినీ ల్యాప్‌టాప్‌లో వేరే చోటికి ఒక కాపీ తీశాడు. బయట ఇంకో కాపీ పెట్టుకోవాలి. జేబు తడుముకుంటే దొరికింది పొద్దుటి పెన్‌డ్రైవ్ ఒక్కటే. తుడిచే పెన్‌డ్రైవ్‌ని శుభ్రంగా తుడిచేసి, అందులోకి అక్క మాటలు ఎక్కించాడు. పని అయ్యేదాకా అక్క అతని భుజం వదల్లేదు.

"ఒకటి విని చూద్దాం. శబ్దం బాగుందో లేదో" అన్నాడు. ఏది తెరవాలో తెలియక 'సొంత మాటలు' ఫోల్డర్‌లోకి వెళ్ళాడు. ఇంట్లో రోజూ వాడే మాటలు కొన్ని చదవమని ల్యాబ్‌వాళ్ళు అడిగారట. అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపబోయింది. అప్పటికే మొదటిది నొక్కేశాడు.

"పిచ్చుకా. ఒసేయ్ పిచ్చుకా. ఇటు రావే ఒకసారి."

ఆ చిన్న గదిలో అక్క గొంతు నిండుగా, కాస్త బొంగురుగా, పట్టరాని విసుగుతో పలికింది. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఆ గొంతు లేదు. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు సరిగ్గా పడలేదేమో, ఈసారి తమ్ముడి కేకకి వేసింది కాబట్టి ఆమె అరచేత్తో నొక్కి చూడలేదు. పై గదిలోంచి, పాటల మధ్యలోంచి, ఎప్పటిలాగే బద్ధకంగా జవాబు వచ్చింది.

"ఆ, వస్తున్నా."

పాట ఆగిపోయింది. తర్వాత మెట్ల మీద అడుగులు, రెండేసి మెట్లు ఒక్కసారి దిగుతున్నట్టు. అవి ముందుగది దాటి సామాన్ల గది బయట ఆగాయి.

"అమ్మా?" అంది పిచ్చుక. "నువ్వేనా?"

తమ్ముడి చెయ్యి వెళ్ళి తలుపు గడియని గట్టిగా పట్టుకుంది. క్లౌడ్‌ని విడదీశానని తెలుసు, రెండు కాపీలు తీశానని తెలుసు, ఇప్పుడు తలుపు తీసినా ఏమీ పోదని తెలుసు. అయినా చెయ్యి రాలేదు. అక్క అతని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. ఇంజిన్ ఆపకుండానే తలుపు తీసింది.

తమ్ముడు తల తిప్పి తెర వైపు చూశాడు. పేర్లన్నీ అలాగే ఉన్నాయి.